సున్నం పడ్డ సగం

మా ఆవి కొండల్లో
గుర్రం లేని ఇల్లుందేమో గానీ
బొగ్గు బట్టీ లేని ఇల్లు ఇప్పుడు లేదు.
మా నాన్న కాలంలో బార్లీ గుర్రం రొమ్ము దాకా ఎదిగేదట.
నా కాలానికి అది మోకాలు దిగి, చీలమండ దిగి,
చెప్పకుండా వెళ్ళిపోయింది.
అందరం తుమ్మ నాటాం.
నాలుగేళ్ళు పెంచి, నరికి, మట్టి కప్పి కాలుస్తాం.
నేనేం పండిస్తానో నా గోళ్ళు చూస్తే తెలుస్తుంది.

పొరుగున ఎంగుదాయ్ ఒక్కతే నాటలేదు.
"తుమ్మని తింటామా, తుమ్మతో తెల్లా కాస్తామా" అని
గోరంత వెన్నుల కోసం ఏటేటా దున్నేది.
అప్పు తెచ్చి ఎరువు పోసేది.
నేల దాన్ని పిడికిట్లో బిగించుకుని
వేళ్ళకి చిటికెడైనా విదిల్చేది కాదు.

వ్యవసాయ ఆఫీసు నుంచి యిస్మావ్ వచ్చి
గ్లాసులో మట్టి కలిపి
తేరిన నీళ్ళలో కాగితం ముంచాడు.
"అమ్మా, నీ నేల పులిసింది."
"పిండి పులిస్తే ఇంజెరా పోస్తాను," అంది.
"నేల పులిస్తే ఏం పొయ్యను?"

సున్నం, అన్నాడు.

పద్నాలుగు బస్తాలు మంజూరయ్యాయి.
లారీ వాగు అవతలే ఆగిపోయింది.
నా దామా గుర్రాన్ని అడిగింది.
రెండేసి బస్తాలు, ఏడు తిరుగుళ్ళు.
అద్దె తీసుకున్నాను.

గాలి పడిపోయిన పొద్దున
నెతెలా ముక్కుకి చుట్టుకుని చల్లింది.
సగం మడికే సరిపోయింది.
మిగతా సగం ఎర్రగా
సవతి బిడ్డలా అలాగే చూస్తూ ఉండిపోయింది.

"గోడకి కొట్టేది పొలానికి కొట్టావు,
పెళ్ళెవరిదీ?" అని గట్టు మీంచి అరిచాను.
ఆమె దున్నుతూనే ఉంది.
పొడి జానెడు లోతుకి దిగాలట.
నెల్లాళ్ళు మట్టితో నానాలట,
ఆ తర్వాతే విత్తనం.

మొదటి ఏడు నాకు తేడా కనబడలేదు.
కనబడిందేమో. చెప్పలేదు.

రెండో ఏటి కిరెమ్త్ వానల్లో
పిలిచి, ఎర్ర సగంలో ఒక మొక్క పీకింది.
పుటుక్కున వచ్చేసింది.
పొట్టి వేళ్ళు, చివర్లు బొద్దుగా,
కాల్చి పారేసిన అగ్గిపుల్లల్లా.
ఏదో చేదు తగిలి వెనక్కి ముడుచుకున్నట్టు.

ఇటు సగంలో మొక్క పీకబోతే రాలేదు.
కాండం చేతిలోకి తెగింది.
గునపం తెచ్చి మోచేయి లోతు తవ్వాం.
మట్టి గడ్డని నూగు వేళ్ళు పట్టుకుని ఉన్నాయి,
చంటిపిల్ల తల్లి జుట్టు పట్టుకున్నట్టు.
విదిలించినా వదల్లేదు.

ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అని
జనం పోట్లాడుకుంటారు.
ఇక్కడ సున్నం పడ్డ కన్నే తెరుచుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం.
బాగానే పట్టింది.
తెల్లారి బట్టీకి పోతూ ఆగాను.
మూడేళ్ళ కిందట బొగ్గు కాల్చిన చోట
పళ్ళెం బోర్లించినట్టు గుండ్రంగా
మోకాలెత్తు పచ్చిక.
చుట్టూ బోడి నేల.
రోజూ దాని మీంచే నడుస్తున్నాను.
గుర్రం మాత్రం అక్కడికి రాగానే తల వంచేది.
కళ్ళెం లాగేవాణ్ణి.

యిస్మావ్ అక్కడా కాగితం ముంచాడు.
ఎంగుదాయ్ సున్నపు సగం రంగే తేలింది.
"బూడిద," అన్నాడు.
"నీరసం సున్నం అనుకో."

పదకొండేళ్ళు కాల్చాను.
ఎన్ని గుండ్రాలో లెక్కపెట్టబోయి మానేశాను.

బట్టీ అడుగు ఊడ్చి, జల్లెడ పట్టి,
రెండు బస్తాలు ఎర్ర సగం గట్టున దించాను.
ఎంగుదాయ్ చెయ్యి పెట్టి చూసింది.
చేయి నల్లబడింది, తుడుచుకోలేదు.
"నాలుగు సాళ్ళకొస్తుంది," అంది.
తర్వాత కొంగు ముడి విప్పుతూ,
"గుర్రానికి అద్దెంత?"